సాగనంపే దరువు

పాట సగానికి వచ్చేసరికి వెంకటదుర్గ చేతిలో కాఫీ గ్లాసు జారి భళ్ళున పగిలింది. కుడి చెయ్యి వణుకుతోంది. తల ఊగుతోంది. కళ్ళు నిలబడిపోయాయి.

“అమ్మా! ఏంటమ్మా?” కొడుకు మహేంద్ర ఫోన్ పక్కన పడేసి లేచాడు.

నిమిషం క్రితం దాకా ఆ ఇంట్లో పండగే. మహేంద్ర సొంతంగా రాసి, పాడి, ఇంటర్నెట్లో వదిలిన పాట పొద్దున్నే విడుదలైంది. సినిమాలతో సంబంధం లేని పాటల గురించి రాసే వెబ్‌సైటు ఒకటి, ఈ వారం కొత్త పాటల్లో దానికే మొదటి చోటిచ్చింది. గోదావరి జాతర దరువు గిటారుతో కలిసి గుండెల్లో మోగిందని రాసింది. ఆ వార్త అమ్మకి చదివి వినిపించి, పాట పెట్టాడు మహేంద్ర.

గ్లాసు పగిలిన చప్పుడుకి పక్కింటి అమ్మణ్ణి పరుగెత్తుకొచ్చింది. వెంకటదుర్గని చూడగానే చెంపలు వేసుకుంది.

“ముందా పాట ఆపరా! అందులో డప్పు ఎవరిది?”

“పోతురాజు తాతది పిన్నీ. అమ్మవారిని పిలిచే దరువు కొట్టమని బతిమాలి, వాళ్ళ అరుగు మీదే రికార్డు చేసుకున్నా.”

“పిలిచే దరువు పెట్టావు. సాగనంపే దరువేదిరా?”

మహేంద్ర ఫోన్ తీసి పాట ఆపేశాడు. పోతురాజు అదీ కొట్టాడు. పాట పొడుగైతే జనం మధ్యలోనే వదిలేసి పోతారని తనే ఆ ముక్క కోసేశాడు. కోసినదాన్ని దాచుకోనైనా లేదు.

“అయ్యో నా తండ్రీ! రమ్మని పిలిచి, ఇంక వెళ్ళు తల్లీ అని చెప్పకపోతే ఆవిడ ఎక్కడికి పోతుందిరా?”

పూనకమంతా మనసు చేసే గారడీ అని ఏటా జాతరలో స్నేహితులకి పాఠం చెప్పే మనిషి మహేంద్ర. ఇప్పుడు అమ్మ మొహం అమ్మ మొహంలా లేదు, మూతి ఓ పక్కకి లాగేసింది. భయం వేసింది, చిన్నప్పుడు చీకట్లో వేసినట్టు.

అమ్మణ్ణి పసుపునీళ్ళు తెచ్చి వెంకటదుర్గ పాదాల మీద పోసింది. వేపమండ చేతిలో పెడితే జారిపోయింది.

“ఎవరు తల్లీ నువ్వు? ఏం కావాలి నీకు?”

వెంకటదుర్గ ఏదో అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. ఒక్క ముక్కా తెలియలేదు.

“మనకి అర్థమయ్యే భాషా అది!” అని దణ్ణం పెట్టింది అమ్మణ్ణి.

“ఆటో పిలుస్తా పిన్నీ. రామచంద్రపురం తీసుకెళ్ళి డాక్టరుకి చూపిద్దాం.”

“బుద్ధుందా నీకు? అమ్మవారు ఒంటి మీదుండగా గడప దాటిస్తారా? సూది గుచ్చితే ఆ తల్లి ఊరుకుంటుందా? నీకు మీ అమ్మ కావాలా, వద్దా? పోతురాజుకి ఫోన్ చెయ్యి.”

చేశాడు. “తాతా, డప్పు పట్టుకుని ఉన్నపళంగా రా. అమ్మకి పూనకం వచ్చింది, దిగట్లేదు.”

“వత్తన్నా బాబూ” అని అవతల ఫోన్ పెట్టేశాడు పోతురాజు.

ఎదురుచూపు మొదలైంది. ఈలోగా మహేంద్ర ఫోన్ ఆగకుండా మోగుతోంది. అదిరిందని ఒకరు, డప్పుకి ఒళ్ళు జలదరించిందని ఇంకొకరు. పొద్దున అయితే అవి చూసి ఎగిరి గంతేసేవాడు. ఇప్పుడు ఒక్కో మెసేజీకి గుండె ఝల్లుమంటోంది. ఇంకా ఏ ఇంట్లో ఎవరి తల్లి ఇలా ఊగుతోందో! పాటని ఇంటర్నెట్లోంచి తీసేశాడు. ఏడాది పడ్డ కష్టం అలా పోయింది. పోతే పోయింది, అమ్మ దక్కితే చాలనుకున్నాడు.

కాసేపటికి వెంకటదుర్గ ఊగడం తగ్గింది. చెయ్యి వణకడం మానేసి పక్కకి వేలాడింది.

“తల్లి శాంతిస్తోంది” అంది అమ్మణ్ణి, కళ్ళు తుడుచుకుంటూ.

పోతురాజు ఎవరిదో బండెక్కి వచ్చాడు. వస్తూనే వాకిట్లో గడ్డి పోగేసి మంట పెట్టి, డప్పు కాచడం మొదలెట్టాడు.

“తొందరగా తాతా!”

“చర్మం బిగిస్తేగానీ పలకదండి బాబూ. అమ్మవారి పని, హడావుడి కూడదు.” డప్పుని మంట మీద తిప్పుతూ అడిగాడు. “జాతర ఇంకా రాలేదు కదండి. అమ్మగారు దరువు ఎక్కడ ఇన్నారండి?”

“ఎక్కడేంటి తాతా? నీదే! మీ అరుగు మీద కొట్టావే, అదే. వేగం తగ్గించి నా పాటలో కలిపాను.”

డప్పు తిప్పుతున్న చేతులు ఆగిపోయాయి. పోతురాజు లోపల కూలబడి ఉన్న వెంకటదుర్గ వైపు చూశాడు. మహేంద్ర మొహంలోకి చూడలేక తల దించుకున్నాడు.

“తప్పయిపోయిందండి బాబూ. జాతర లేనిదే అమ్మవారి దరువు ముట్టుకోకూడదండి మేము. తవరు మరీ మరీ అడుగుతుంటే కాదనలేక, ఆ రోజు రెండుసార్లూ పెళ్ళి ఊరేగింపు దరువే కొట్టి పంపించేశానండి.”