మూడో గేరు దగ్గర కుదుపు

"వచ్చేసింది!"

కొరియర్ తెచ్చిన అట్టపెట్టెను నెత్తిన పెట్టుకుని మెకానిక్ భార్య షెడ్డులోకి పరుగెత్తుకొచ్చింది. కారు కింద పడుకున్న మెకానిక్ ఆ కేకకు లేవబోయి నుదురు కొట్టుకున్నాడు. అయినా నవ్వుతూనే బయటికి జరిగాడు.

పెళ్ళయి ఎన్నాళ్ళో కాలేదు. ఆ పెళ్ళికి ఆమె పుట్టింటివాళ్ళెవరూ రాలేదు. ఆమెకు గ్యారేజీలో ఇంకా అన్నీ వింతే. పెట్టె విప్పగానే లోపలి బుడగల కవరును తన వాటాగా లాగేసుకుంది. ఒక్కో బుడగనూ టప్పుమనిపిస్తూ, "ఇంతేనా? సబ్బుబిళ్ళంత ఉంది. దీని కోసమా ఇన్నాళ్ళు తపస్సు చేశావ్?" అంది.

"ఈ సబ్బుబిళ్ళ చెప్పందే గేరు మారదమ్మా. ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్ అంటారు దీన్ని. పెద్దాయన కార్లో ఉన్నది పాడైపోయింది. అందుకే ఇంజన్ గుక్కపట్టి ఏడుస్తుందే తప్ప బండి ముందుకు పోదు."

పెద్దాయన అనగానే ఆమె బుడగలు చిదమడం ఆపింది.

"బాగుందన్న మాట ఆయన నోట వస్తుందంటావా?"

"రప్పిస్తా. పెద్ద పెద్ద షోరూములన్నీ వదిలేసి మన రేకుల షెడ్డుకు తెచ్చారు. ఇంకెవరికి నచ్చకపోయినా ఫర్వాలేదు, ఆయనకు నచ్చాలి."

కారు తెచ్చిన రోజు గుమ్మంలోనే నిలబడి, "ఇక్కడ ఇలాంటి బళ్ళు బాగుచేస్తారా, ప్రయోగాలు చేస్తారా?" అని అడిగిన మనిషి ఆయన.

మెకానిక్ బ్యాటరీ తీగ విప్పాడు. డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి, పాత పెట్టెను ఊడదీసి, కొత్తది బిగించాడు. లాప్‌టాప్ తగిలించి ఆ కారు వివరాలన్నీ దానికి ఎక్కించాడు. అలా ఎక్కించకపోతే, తాను ఏ బండిలో ఉందో ఆ పెట్టెకే తెలియదు. తర్వాత భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. గేరు మారుతున్నట్టే తెలియలేదు. ఆమె చెయ్యి కిటికీ బయట పెట్టి, గాలిని గుప్పిట్లో పట్టుకుని, అతని చెవి దగ్గర వదిలింది.

పెద్దాయన వచ్చాడు. కారు తీసుకెళ్ళాడు. మర్నాడే వెనక్కి తెచ్చాడు.

"మూడో గేరు దగ్గర కుదుపుంది."

మెకానిక్ లాప్‌టాప్ తగిలించాడు. ఏ తప్పూ చూపించలేదు. అయినా తీగలన్నీ విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. వివరాలు మళ్ళీ ఎక్కించాడు. ఈలోగా అతని భార్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, పలకరించకుండా లోపలికి వెళ్ళిపోయింది.

"నేనడిగానా?" అన్నాడు పెద్దాయన గ్లాసుతో. చుక్క మిగల్చకుండా తాగాడు.

రెండు రోజులాగి మళ్ళీ హారన్ మోగింది.

"కొంచెం తగ్గినట్టుంది. పోలేదు. ఇదిగో అబ్బాయ్, వెనక సీట్లో జామపళ్ళ సంచీ ఉంది, దించెయ్. ఆ బరువుకేమైనా కుదుపు వస్తోందేమో చూద్దాం."

"జామపళ్ళకు కుదుపేంటి సార్!"

"నువ్వు దించవయ్యా."

సంచీ దిగింది. కుదుపు పోలేదట. సంచీ మాత్రం తిరిగి ఎక్కలేదు.

ఆ తర్వాతిసారి మెకానిక్ గేర్‌బాక్సు ఆయిలు మార్చాడు. పెద్దాయన తలెత్తి రేకుల వంక చూశాడు.

"ఈ వేడిలో మనుషులెలా ఉంటున్నారయ్యా? ఫ్యానైనా లేదు."

"గేర్ల సంగతి చెప్పండి సార్."

"గేర్ల సంగతే చెబుతున్నా. మనుషులే ఆగలేని చోట యంత్రం ఆగుతుందా?"

ఆ సాయంత్రం మెకానిక్ స్పానర్‌ను మూలకు విసిరాడు. "కావాలనే చేస్తున్నారు. నాకు పని చేతకాదని నాతోనే ఒప్పించాలని. అరిగిపోయేలా చూశాను ఆ బండిని. ఇంకేం మార్చను, నా తలకాయా?"

"అది మారిస్తే నాకు కష్టం. దానికిప్పుడిప్పుడే అలవాటు పడుతున్నా." ఆమె జామపండు కొరికి, మిగతాది అతని నోటికి అందించింది. అతను నవ్వలేదు. కాసేపటికి ఆమె నవ్వూ ఆగిపోయింది. "కొందరంతేలే. ఎంత చేసినా వాళ్ళ నోటికి ఏదీ బాగుండదు."

మళ్ళీ కారు వచ్చింది. ఈసారి మెకానిక్ తాళాలు అందుకోలేదు. తిన్నగా వెళ్ళి పెద్దాయన పక్క సీట్లో కూర్చున్నాడు.

"నడపండి సార్. నాకూ చూపించండి."

నడిపాడు. ఎక్కాల్సిన ఎత్తు ఎక్కింది, దిగాల్సిన వాలు దిగింది. గేర్లు ఒకదాని వెనక ఒకటి వెన్నలా మారాయి. బండి మళ్ళీ షెడ్డు ముందుకొచ్చి ఆగింది.

"ఎక్కడ సార్ కుదుపు?"

"నువ్వు పక్కనుంటే రావట్లేదు."

అంతే. మెకానిక్ ఇక ఓర్చుకోలేకపోయాడు. దిగి, తలుపు ధడేల్మని వేశాడు.

"ఈ బండికి ఏ జబ్బూ లేదు. మీకు నా పని నచ్చదు, నేను నచ్చను, అంతే! మీకు నచ్చిన చోటికి తీసుకెళ్ళండి. ఇంక ఇక్కడికి తేవద్దు!"

ఆ అరుపుకు అతని భార్య పరుగున బయటికొచ్చింది. చేతిలో మంచినీళ్ళ గ్లాసు తొణికి చీర తడిసింది. అక్కడే నిలబడిపోయింది.

పెద్దాయన స్టీరింగు మీద నుంచి చేతులు తీయలేదు. గొంతు సవరించుకుని, ఇంజన్ స్టార్ట్ చేశాడు. బండి కదిలింది. రెండడుగులు పోయి ఆగింది. కిటికీ అద్దం మెల్లగా దిగింది.

"నా మాట మీద నమ్మకం లేకపోతే రేపు మీ అత్తయ్యను కూడా వెంటబెట్టుకొస్తాను, కుదుపుందో లేదో ఆవిడే చెబుతుంది, అల్లుడూ."