కట్ట కడుపులోది

ఆనకట్ట కింద కొత్తగా ఊట పడింది. లాండ్రీ పిన్ని పంట పండింది.

కుళాయి దగ్గర తగవులు తప్పాయి. బట్టలు పాలనురుగులా తేలుతున్నాయి. పిల్లలిద్దరి చదువూ ఇక గట్టెక్కినట్టే అనుకుంది.

ఇంతలో ఎవడో కొత్త మనిషి దిగబడ్డాడు.

మాసిన గడ్డం, మోకాళ్ళ దాకా బురద. పొద్దస్తమానం ఊట పక్కనే గొంతుక్కూర్చుని, గ్లాసుతో నీళ్ళు ముంచి ఎండకేసి పట్టి చూస్తాడు.

"సీసా నీళ్ళ కంపెనీ వాడే," అంది పిన్ని అత్త. "ఇవాళ చూస్తాడు, రేపు బోర్డు పెడతాడు, ఆనక నిన్ను గెంటేస్తాడు."

పిన్ని తడిచేతులు కొంగుకి తుడుచుకుని అతని దగ్గరికెళ్ళింది.

"ఏం పెద్దాయనా, మా నీళ్ళలో ఏం వెతుకుతున్నావ్?"

"మన్ను, తల్లీ. ఊట చుట్టూ ఆ సన్న ఇసక చూశావా, చీమల పుట్టలా? అది కట్ట కడుపులోది. నీళ్ళు లోపల దారి చేసుకుని తోడుకొస్తున్నాయి."

"నీళ్ళు తేటగానే ఉన్నాయిగా?"

"తేటగా ఉన్నన్నాళ్ళే మనకి టైముంది. ఆనకట్ట గేట్లెత్తే ఆయనకి చెప్పా. పైవాళ్ళని అడుగుతానన్నాడు. ఈలోగా పిల్లల్ని తీసుకుని మెరక మీదకి పోమ్మా."

"విన్నావా?" అత్త గొణిగింది. "అప్పుడే ఖాళీ చెయ్యమంటున్నాడు."

మర్నాడు అతను ఊట చుట్టూ ఇసక బస్తాలు పేర్చాడు. లోపల నీళ్ళు నిండి నిలబడ్డాయి.

"ఇవి కదిలించకండి. పైన నీళ్ళ బరువుంటే కింద మన్ను కదలదు."

ఇంకేముంది, కంచె కట్టేశాడు. పిన్నికి ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది.

అతను కంకర కోసం అటు వెళ్ళగానే అత్తాకోడళ్ళు కలిసి బస్తాలు లాగేశారు. ఒకటి షాపు ముందు మెట్టుగా కూడా వేసుకున్నారు.

మధ్యాహ్నానికి ఊట ఎర్రబడింది. ముంచిన చొక్కా కావిరంగులో పైకొచ్చింది.

అతను పరిగెత్తుకొచ్చాడు. ఒక్క మాట తిట్టలేదు.

"పిల్లల్ని తీసుకుని మెరకెక్కు. దారిలో ప్రతి తలుపూ కొట్టు."

"మరి నువ్వో?"

"కాసేపు ఆపుతా."

మెట్టు బస్తా భుజానికెత్తుకుని ఊటలోకి దిగాడు.

వీధి వీధంతా మెరకెక్కాక కట్ట నడుం విరిగినట్టు కుంగింది. ఇళ్ళు పోయాయి. మనుషులు మిగిలారు, ఒక్కడు తప్ప.

గేట్లెత్తే మనిషి తల దించుకుని నిలబడ్డాడు.

"ఆయనది ఏ కంపెనీ?" అడిగింది పిన్ని.

"కంపెనీ ఏంటమ్మా. పోయినేడు ఎగువ కట్ట తెగలేదూ, దానికి కాపలాదారు. ఆ కట్ట కింద ఉన్నది ఒక్కటే ఇల్లు, ఆయనదే."