శునకం క్షేమం

“కుక్క తరఫు వాదన ఏదమ్మా?” అన్నారు ఎడిటర్ గారు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

కొత్తమ్మాయి తెల్లమొహం వేసింది. ఆ పత్రికలో చేరి మూడు నెలలైనా ఆఫీసులో అందరికీ ఆమె ఇంకా కొత్తమ్మాయే. ఇన్నాళ్ళలో రాసినవన్నీ చెత్తబుట్ట పాలయ్యాయి. రేపటి పేపర్లో ఒక్క వార్తయినా రాకపోతే ఇంటికి పొమ్మని నిన్ననే చెప్పేశారు. అదృష్టం కొద్దీ ఈ పొద్దున పార్కులో ఎవరినో కుక్క కరిచింది.

“కుక్కకి వాదనేమిటి సార్? కరిచింది, అంతే.”

“అదే వద్దంటున్నా. మనది నిష్పక్షపాతమైన పత్రిక. కరిపించుకున్నవాడి మాట ఒక్కటే వేస్తే కుక్కకి అన్యాయం చేసినట్టు కాదూ?”

“ఆయన మాట కూడా లేదు సార్. మంకీ క్యాప్ పెట్టుకున్నాడట, మొహం కనబడలేదట. కరవగానే ఆటో ఎక్కి వెళ్ళిపోయాడట. చూసింది పార్కు వాచ్‌మన్ ఒక్కడే.”

“అయితే రాసుకో. బాధితుడు మాట్లాడటానికి నిరాకరించాడు.”

“మనం అడగందే ఎలా సార్?”

“అడిగినా నిరాకరిస్తాడు. రాయి.”

ఎడిటర్ గారు కాగితం ముందుకు లాక్కుని ఎర్ర పెన్ను తీశారు. ‘పార్కులో కుక్క స్వైరవిహారం, వృద్ధుడికి తీవ్ర గాయాలు’ అని ఆమె ఎంతో ముచ్చటపడి పెట్టుకున్న హెడ్డింగు. స్వైరవిహారం కొట్టేసి వాహ్యాళి అని పెట్టారు.

“వృద్ధుడని ఎవరన్నారు?”

“వాచ్‌మనే సార్. ముసలాయన, పాపం, బెంచీ ఎక్కి ‘అమ్మా’ అని ఒకటే కేకలట.”

“మంకీ క్యాప్ పెట్టుకున్న ప్రతివాడూ ముసలివాడేనా? నడివయసు వ్యక్తి అని మార్చు. ఆ కేకలు కూడా తీసెయ్. ఆధారం లేని మాట ఒక్కటి పోకూడదు.”

ఆయన పట్టింపు గురించి ఆఫీసంతా కథలు కథలుగా చెప్పుకుంటారు. కామా ఒకటి తప్పు పడిందని ఒకసారి అన్నం మానేశారట. ఆయన తల వెనక గోడ మీద ‘ఉన్నది ఉన్నట్టు’ అని పత్రిక నినాదం, దాని కింద ఓనరు గారి నవ్వుమొహం ఉన్నాయి.

“పంటిగాట్లు రెండేనా?”

“వాచ్‌మన్ అలాగే చెప్పాడు సార్.”

“కుక్కకి రెండే పళ్ళుంటాయా? నాలుగు చెయ్యి.”

బాధితుడి వైపు ఒక్క దిద్దుబాటైనా పడినందుకు కొత్తమ్మాయికి ప్రాణం లేచొచ్చింది.

“కుక్క ఎవరిదో మాత్రం తెలీలేదు సార్. ఖరీదైన బెల్టు, పట్టుకుని తిప్పడానికి డ్రైవరు. ఎవరో పెద్దవాళ్ళదే. పేరు దొరికితే కడిగేద్దాం.”

“మన ఓనరు గారిదే” అన్నారు ఎడిటర్ గారు నింపాదిగా.

 కుక్కకి ఇన్ని మర్యాదలు ఎందుకు జరుగుతున్నాయో అప్పుడు కొత్తమ్మాయికి బోధపడింది.

“మరైతే వార్తే మానేద్దాం కదా సార్.”

“అవతలి పేపరు వాళ్ళకి ఉప్పందింది. మనం వెయ్యకపోతే దాచామంటారు. వేస్తే ఆహా ఎంత నిజాయితీ అంటారు. ఓనరు గారు కూడా వెయ్యమన్నారు. కుక్కకి మాట రాకుండా వెయ్యమన్నారు.”

ఇంతలో ఫోన్ మోగింది. ఓనరు గారు. ఆయన ఫోనంటే లేచి నిలబడి మాట్లాడే ఎడిటర్ గారు ఇవాళెందుకో కూర్చునే అందుకున్నారు.

“చిత్తం... అదే పనిలో ఉన్నామండీ... తిండి తింటోందా అండీ? పాపం, బెదిరిపోయి ఉంటుంది... ఫొటోనా? తప్పకుండా. కుడివైపు నుంచి తీసిందే వేస్తాం.”

సాయంత్రానికి వార్త తయారైంది. ఎడిటర్ గారు గొంతు సవరించుకుని పైకి చదివారు.

“పార్కులో శునకానికి, పిక్కకి మధ్య స్వల్ప వివాదం. ఉదయం ప్రశాంతంగా వాహ్యాళి చేస్తున్న ఒక శునకం నోటికి, నడివయసు వ్యక్తి పిక్క హఠాత్తుగా అడ్డు వచ్చింది. నాలుగు పళ్ళు దిగబడినా శునకం నిగ్రహం కోల్పోలేదు. ప్రస్తుతం అది క్షేమంగా ఉందని సన్నిహిత వర్గాలు తెలిపాయి. ఎలా ఉంది?”

కొత్తమ్మాయికి ఏడుపొచ్చినంత పనయింది.

“నా పేరు తీసెయ్యండి సార్.”

“పేరు తీస్తే ఉద్యోగం ఉండదు. తెలుసుగా?”

“పోతే పోయింది. దీని కింద నా పేరు చూసి మా అమ్మ పేపర్లు కొని ఊరంతా పంచిపెడుతుంది. నేను తలెక్కడ పెట్టుకోవాలి? అయినా మనలో ఒక్కరమైనా ఆ మనిషి గురించి ఆలోచించామా? రేపు పొద్దున కాలికి కట్టుతో కూర్చుని ఇది చదువుతాడు. తప్పంతా తన పిక్కదేనట! ఎంత కుమిలిపోతాడు సార్?”

 ఎడిటర్ గారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఆయన మొహంలో ఎప్పుడూ ఉండే ధీమా కాసేపు కనబడలేదు.

“కుమిలిపోడులే అమ్మా. అలవాటైన ప్రాణమై ఉంటుంది.”

ఆ మాట అని, వార్త కింద కొత్తమ్మాయి పేరు కొట్టేసి తన పేరు రాసుకున్నారు. ఆమె పేరుని తీసుకెళ్ళి లోపలి పేజీలో వర్షాల వార్త కింద పెట్టారు.

“వాన అందరి మీదా సమానంగా పడుతుంది. అక్కడ నీకు ఇబ్బంది ఉండదు. నీ ఉద్యోగానికి నాది పూచీ.”

“మీరు చాలా మంచివారు సార్” అంది కొత్తమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ.

“అవన్నీ తర్వాత. కాస్త చెయ్యిచ్చి లేపమ్మా, కుక్కకాటు ఇంజెక్షనుకి టైమైంది.”