ఖాళీ మిషను

"మీ తమ్ముడు కొన్న పాత టైర్లు ఘాట్ రోడ్డులో చచ్చినోని లారీవంట, పొరుగింటి బయమ్మ అన్నాది" అని భార్య చెబితే ఓబులేసు నవ్వేశాడు.

ఆ రాత్రి కదిరిలో, పాత టైర్లకు కొత్త రబ్బరేసే, తాను పనిచేసే రీట్రెడింగ్ షాపులో, వాటిలో ఒకదాన్ని టైర్లను పరీక్షించే మిషనులో పెట్టి తలుపు మూశాడు. మిషను లోపలి గాలి పీల్చేస్తే, టైరులో దాగిన లొసుగు ఉబ్బి తెరమీద మచ్చగా కనబడుతుంది. మచ్చ పడింది. రెండో టైరుకూ అదే చోట పడింది. మూడోదానికీ అంతే.

అనుమానమొచ్చి ఖాళీ మిషను నడిపాడు. పీల్చే చప్పుడు తప్ప షాపంతా నిశ్శబ్దం. మచ్చ అక్కడే ఉంది. నిద్రపోయే మనిషి ఛాతీలా మెల్లగా ఉబ్బుతోంది, అణుగుతోంది.

"సందీపా, ఈ టైర్లు వద్దురా. లారీ తీయొద్దు!"

బయట లారీ దగ్గరున్న తమ్ముడు లోపలికొచ్చి తెరకేసి చూశాడు.

"ఏందన్నా నువ్వు! టైరే లేకుండా మచ్చ పడితే చెడింది మిషను గదా, టైర్లు కాదు. బళ్ళారికి లోడుండాది. బిగిస్తాండా."