పలచబడ్డ వీరుడు

ఫిల్ము కడిగిన ట్యాంకు మూత తీయగానే నా రక్తం మరిగింది. లోపల రెండు రీళ్లున్నాయి! ఒకటి బొగ్గులా నల్లగా ఉంది. రెండోది, నా ఊరేగింపు రీలు, వెలవెలబోతోంది.

"అక్కా! సీసాలో మిగిలిన, బొమ్మ తేల్చే డెవలపర్ మందు ఒక్క రీలుకే చాలుతుందని చెప్పానా లేదా? ఎన్ని నీళ్లు పోస్తే మాత్రం అందులో సత్తువ పెరుగుతుందా?"

"చీకట్లో తెలీలేదురా, పక్కనున్నదీ వేసేశా," అంది అక్క, బాత్రూమ్ గడప మీద కూర్చుని.

"అది ఎండ తగిలి చచ్చిన రీలే! ఒళ్లంతా నల్లబడడానికి మందంతా అదే తాగేసింది. అచ్చం మీ మిల్లు యజమానే!"

నిన్న ఊరేగింపులో మిల్లు గేటు దగ్గర మేనేజరు నల్లకారు మీద ఎవరో తెల్లరంగుతో 'కూలి పెంచు' అని రాశారు. గుంపు వెనకనుంచి కెమెరా పైకెత్తి గుడ్డిగా నొక్కాను. ఆ వీరుడి ముఖం మా సంఘం కరపత్రం మీద వెయ్యాలి. దొరికితే ఉద్యోగం పీకేద్దామని మేనేజరు గాలిస్తున్నాడట. గాలించనీ! వీరుడు దాక్కుంటాడా?

ఫిల్మును కిటికీకి పట్టి చూశాను. కారు మీది అక్షరాలు చక్కగా చదవొచ్చు. రాస్తున్న మనిషి మాత్రం నీడలో కరిగిపోయాడు.

"వీరుడు పోయాడే!"

"అయ్యో పాపం," అంది అక్క. "ఆ నల్ల రీలంతా ఎండలోకి లాగి మళ్లీ చుట్టడం ఎంత పనో తెలుసా నీకు?"

గిర్రున తిరిగి చూశాను.

అక్క తీరిగ్గా పిన్నీసుతో గోళ్లలోని తెల్లరంగు గీక్కుంటోంది.

"కాస్త కిరసనాయిలు అందుకో, వీరుడా. పొద్దున్నే మిల్లుకెళ్లాలి."