బొచ్చుసంచి

చందర్ రాకముందే పగిడయ్య ఆ తెల్ల బొచ్చుసంచిని తన గళ్ల కిల్టు లంగా ముందు వేలాడేలా నడుముకు కట్టేసుకున్నాడు. కొత్తగూడెం బ్యాండులో పదిహేనేళ్లుగా బ్యాగ్‌పైపు ఊదుతున్నది తాను. నిన్నగాక మొన్న చేరిన చందర్‌కేమో జనం గుడ్లప్పగించి చూసే ఈ సంచి, తనకేమో నల్ల తోలుసంచి! రెండేళ్లుగా ఆ మంట కడుపులో రగులుతూనే ఉంది.

బ్యాండు గదిలోకి వచ్చిన మాస్టరు అతన్ని చూసి ఆగిపోయాడు. ఆయన పటాలంలో పైపు ఊది రిటైరైన మనిషి.

"ఏంది పగిడయ్యా గిది? బొచ్చుసంచి పెండ్లిళ్లకు, ఊరేగింపులకు. ఇయ్యాల పోయేది సావింటికి. తోలుదే కట్టాలె. ఇప్పు."

"అవ్, సావులన్నీ నాకు. మంచియన్నీ చందర్‌కు."

ఆ మాట గుమ్మంలోకి వచ్చిన చందర్ చెవిన పడింది.

"నన్ను జూసి కుళ్లుకుంటున్నవా అన్నా? ఒక్క సావుకన్న నన్ను ఊదనియ్యమని రెండేండ్ల సంది మాస్టర్‌ను బతిమాలుతున్న. పెండ్లిల పటాకుల మోతల నేను తప్పు ఊదినా ఎవలికీ ఎరుకగాదు. సావింట్ల ఒక్క పైపే మోగుతది, అందరూ ఇంటరు. గది పగిడయ్యే ఊదాలె అంటడు సార్."

పగిడయ్య మాస్టరు వైపు చూశాడు. ఆయన కాదనలేదు.

పగిడయ్య బొచ్చుసంచి విప్పి, తోలుసంచి కట్టుకున్నాడు.

గనిలో పనిచేసి రిటైరైన ముసలాయన శవం ముందు అతను పైపు ఎత్తాడు. వెంట వచ్చి వెనుక నిలబడిన చందర్‌కి తన వేళ్లు కనబడేలా కాస్త పక్కకు తిరిగి, ఊదడం మొదలుపెట్టాడు.