తీగ కింద రేకులు

"గంగన్న గారూ, ఆ రేకులు తీయించండి!"

మేడగదిలో అద్దెకున్న ధర్మయ్య గాభరాగా మెట్లు దిగి వచ్చాడు.

అది 1990, మే నెల. కోస్తాలో తుఫాను, ఆర్మూర్‌లో ముసురు. ఆరబోసిన పసుపు తడవకుండా గంగన్న వాకిట్లో గుంజలు పాతి ఇనుప రేకులు కప్పించాడు. సరిగ్గా వాటి మీదుగానే, దూరపు ఊళ్లవాళ్లతో మాట్లాడే ధర్మయ్య హామ్ రేడియో సెట్టు తీగ పోతోంది.

"రేకులు నీ తీగకు తాకినయా ఏమయ్యా?"

"తాకనక్కర్లేదండీ. ఇంత దగ్గరగా ఇనుముంటే తీగ గుణమే మారిపోతుంది. సెట్టు పంపే బలం తీగకెక్కకుండా వెనక్కి తిరుగుతోంది. అవతలివాళ్ల మాట నాకు వినబడుతోంది, నా మాటే వాళ్లకు చేరడం లేదు."

"నీ ముచ్చట్ల కోసం నా పసుపు తడుపుకోవాల్నా?"

గంగన్న మనసు మనసులో లేదు. విత్తనం పసుపు తెస్తానని కోస్తాలోని దుగ్గిరాల వెళ్లిన తమ్ముడు లింగన్న జాడ లేదు. అటు ఫోన్లు మూగబోయాయి. మరదలు భూమవ్వ మూడు రోజులుగా ముద్ద ముట్టలేదు. కింద ఇంత ఏడుపుంటే, పైన ఈ పిచ్చి మారాజు పొద్దంతా డబ్బాతో కబుర్లు!

"ఒక్క పూట ఆగండి. సంగతేమిటంటే..."

"నీ సంగతి నాకొద్దు. తీగ చుట్టుకొని గిప్పుడే నడువ్!"

ధర్మయ్య ఏదో చెప్పబోయి, గుమ్మంలో ఆశగా చూస్తున్న భూమవ్వను చూసి, ఖాయంగా తెలియని మాట ఆమె ముందు అనలేక ఆగిపోయాడు. గంటలో సెట్టు పట్టుకుని వానలోనే వెళ్లిపోయాడు.

నెల తర్వాత లింగన్న వచ్చాడు. చంకల్లో కర్రలు, ఒకటే కాలు.

గంగన్న బోరుమన్నాడు.

"ఏడ్వకు అన్నా. నువ్వు పిలువనైతే పిలిచినవ్ గదా."

"నేనా?"

"గోడ కూలి నా కాలు నలిగింది. శిబిరంల రేడియో సెట్టాయన నా పేరు అడుక్కుంట వచ్చిండు. ఆర్మూర్ నుంచి రెండు దినాలు నీ కోసమే పిలిచిన్రు అన్నడు. లింగన్న ఈడ్నే ఉన్నడు, జల్ది వచ్చి పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి అని గంటగంటకు చెప్పిండు. గప్పటికే ఆర్మూర్ నుంచి సప్పుడు లేదు. ఆఖరికి కాలు తీసేసిన్రు."

గంగన్నకు ఆ కాలు తన చేతులతో తనే నరికినట్టనిపించింది. మేడ మీది ఖాళీ గది వైపు తలెత్తలేకపోయాడు.

"ఏమని... ఏమని పిలిచిండట?"

"లింగన్న నా తమ్ముడు, ఏడున్నడో జర దేవులాడుండ్రి అని బతిమాలిండట. సొంత అన్నవు నువ్వు గాకపోతే గట్ల ఇంకెవరు బతిమాలుతరే?"